బాయి తలుపు తెరుచుకోకముందే తయారైన ఆడపిల్లలు

ఈ ఎపిసోడ్‌లో మన బొగ్గుబాయి ముచ్చట. గోదావరిఖనిల, రామగుండంల పెరిగినోళ్లు "నేను సింగరేణి బిడ్డను" అని గర్వంగా చెప్పుకుంటరు. కానీ ఆ బిడ్డ ఆడపిల్ల అయితే? ఇంజినీరింగ్ చదివినా, ఎంత ధైర్యం ఉన్నా, ఆమెకు బాయిల దిగి ఉద్యోగం చేసే వీలు 2019 దాకా లేదు. ఎందుకంటే చట్టంలోనే వద్దని రాసి ఉండేది.

ముందు కొంచెం వెనక్కి పోదాం. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ గుర్తించాడు. 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయ్యింది. గనులు ఇల్లెందు నుంచి కొత్తగూడెం, బెల్లంపల్లి మీదుగా గోదావరి ఒడ్డుకు, మన రామగుండానికి వచ్చినయి. గోదావరిఖని అనే పేరులోనే ఖని ఉంది కదా. ఇంట్ల నాన్నది ఏ షిఫ్టు అయితే, ఆ షిఫ్టును బట్టే వంట, నిద్ర, పిల్లల చప్పుడు. గని గురించి ఆడపిల్లలకు తెల్వనిది ఏమీ లేదు, లోపలికి పోవుడు తప్ప.

మరి ఆడవాళ్లు గనుల్లో ఎప్పుడూ పని చెయ్యలేదా? చేసిన్రు. రాణిగంజ్, ఝరియా గనుల్లో ఒకప్పుడు భూమి లోపల బొగ్గు మోసినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. 1929 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం వాళ్లను మెల్లమెల్లగా పైకి పంపింది. లోపల ప్రమాదాలు, దుమ్ము, ఆరోగ్యం... ఆ కారణాలు అబద్ధం కాదు. కానీ చూడండి, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి బొగ్గుకు కూలీలు దొరకనప్పుడు, 1943లో అదే ప్రభుత్వం మళ్లీ ఆడవాళ్లను లోపలికి దింపింది. యుద్ధం అయిపోయినంక 1946లో మళ్లీ పైకి పంపింది. అవసరం ఉన్నన్ని రోజులు వాళ్ల బలం సరిపోయింది. అవసరం తీరినంక సరిపోలేదు!

స్వతంత్రం వచ్చినంక 1952 గనుల చట్టం వచ్చింది. అందులో సెక్షన్ 46 ప్రకారం ఆడవాళ్లకు భూగర్భంలో పని ఉండేది కాదు. పైన పని కూడా పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకే ఉండేది. దీని దెబ్బ ఎక్కడ పడిందో తెలుసా? చదువు మీద. గనికి మేనేజర్ కావాలంటే ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ పెట్టే పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ పరీక్ష రాయాలంటే గనిలో పని చేసిన అనుభవం ఉండాలి. లోపలికే రానియ్యకపోతే అనుభవం ఎక్కడిది? "అమ్మాయికి మైనింగ్ ఎందుకు?" అనే ప్రశ్నకు చట్టమే జవాబు చెప్పేది.

అయినా కొందరు చదివిన్రు. నాగపూర్ మనకు పరాయి ఊరేం కాదు. రామగుండంల ఉత్తరానికి పోయే రైలెక్కితే బల్లార్షా దాటినంక వచ్చేదే. అక్కడ చంద్రాణి ప్రసాద్ వర్మ మైనింగ్ సీటు కోసం కోర్టు దాకా పోయింది. 1999లో దేశంలో తొలి మహిళా మైనింగ్ ఇంజినీర్ అయ్యింది. డిగ్రీ అయితే చేతికి వచ్చింది కానీ, బాయి తలుపు మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు మూసే ఉంది.

ఆ తలుపు 2019లో తెరుచుకుంది. కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనుల్లో ఆడవాళ్లు భూగర్భంలోకి పోవచ్చని అందులో చెప్పింది. కానీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలని, షిఫ్టులో కనీసం ముగ్గురు ఉండాలని అప్పుడు షరతులు పెట్టింది. అంటే తలుపు పూర్తిగా తెరుచుకోలేదు, సగమే.

ఆ సగం సందులోంచి పోయిన అమ్మాయి రసకట్ల సంధ్య. మన సింగరేణి గనులున్న భూపాలపల్లి బిడ్డ, సింగరేణి కార్మికుడి కూతురు. భూగర్భ గనుల్లో పనికి సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ తెచ్చుకున్న తొలి భారతీయ మహిళగా పేరు తెచ్చుకుంది. అయితే ఆమె దిగింది మన బొగ్గుబాయిల కాదు, రాజస్థాన్‌లోని హిందుస్థాన్ జింక్ గనిలో. 2021లో జార్ఖండ్‌కు చెందిన ఆకాంక్ష కుమారి సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ వాళ్ల చూరీ గనిలో చేరింది. ఆమె కూడా అంతకుముందు రాజస్థాన్ జింక్ గనిలోనే పని నేర్చుకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క వెయ్యండి. మైనింగ్ బీటెక్ నాలుగేళ్లు. అంటే సంధ్య ఆ కోర్సులో చేరినప్పుడు సెక్షన్ 46 తాళం ఇంకా వేసే ఉంది. 2019లో నోటిఫికేషన్ చూసి చదువు మొదలుపెట్టి ఉంటే, ఆ తొలి అవకాశం వేరేవాళ్లకు పోయేది.

మనం సాధారణంగా ఏమనుకుంటం? ముందు ధైర్యం రావాలి, తర్వాత మొదలుపెడదాం అని. ఈ చరిత్ర ఉల్టా చెప్తుంది. వీళ్లు తలుపు మూసి ఉండగానే పని నేర్చుకున్నరు. ధైర్యం ఆ పనితోపాటే వచ్చింది. ఇంకో మాట. దారి దొరకకపోతే "నాలోనే ఏదో లోపం" అనుకోకండి. ఒక్కోసారి అడ్డం ఉన్నది మీ తెలివి కాదు, ఎవరో ఎప్పుడో రాసిన ఒక రూల్. రూల్స్ మారుతయి. మారిన రోజు మీ చేతుల సర్టిఫికెట్ ఉండాలె, అంతే.

మీ ఇంట్ల, మీ గల్లీల మైనింగ్ చదువుతా అంటున్న చెల్లె ఉంటే, ఈ ముచ్చట ఆమెకు చెప్పండి. మళ్లీ కలుద్దాం.