నికోటిన్ వేరు, పొగ వేరు

పొగాకు నిషేధాల చరిత్ర చాలావరకు ఓటమి చరిత్రే. 1633లో ఆటోమన్ సుల్తాన్ నాలుగవ మురాద్ పొగతాగితే మరణశిక్షే అన్నాడు. ఆ శతాబ్దం ముగిసేలోపే అదే రాజ్యం పొగాకు మీద పన్ను వసూలు చేసుకుంది. 2004లో అమ్మకాలు ఆపేసిన భూటాన్, దొంగసరుకును ఆపలేక 2021లో నిషేధం ఎత్తేసింది.

నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించేది స్వీడన్ కథ. 1967లో ఊవె ఫెర్నో అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తకు ఒక ఉత్తరం వచ్చింది. సబ్‌మెరైన్లలో సిగరెట్ వెలిగించడం కుదరక నావికులు నోట్లో పెట్టుకునే పొగాకుకు మారిపోతున్నారని దాని సారాంశం. అంటే వాళ్ళకు కావలసింది పొగ కాదు, నికోటిన్. మింగితే నికోటిన్‌లో చాలా భాగాన్ని కాలేయం విరిచేస్తుంది కాబట్టి, బుగ్గ లోపలి చర్మం మెల్లగా పీల్చుకునేలా దాన్ని రెజిన్‌కు కట్టి చూయింగ్ గమ్ చేశారు. అదే నికొరెట్. 1978లో స్విట్జర్లాండ్ దానికి అనుమతిచ్చింది.

ఈలోగా స్వీడన్ మగవాళ్ళు సిగరెట్ వదిలి, పై పెదవి కింద పెట్టుకునే పొగాకు 'స్నూస్'కు మళ్ళారు. ఇది సర్కారు పథకమేమీ కాదు. 1992లో ఐరోపా సమాజం స్నూస్ అమ్మకాన్ని నిషేధించింది. 1995లో యూనియన్‌లో చేరేటప్పుడు స్వీడన్ మినహాయింపు తీసుకుంది. ఐరోపాలో పురుషుల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు బాగా తక్కువున్న దేశాల్లో ఇప్పుడు స్వీడన్ ఒకటి.

అలాగని నోట్లో పెట్టుకునేదంతా మేలని కాదు. స్నూస్‌ను ఆవిరితో వేడిచేసి, అందులో క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లను తగ్గిస్తారు. మన గుట్కా, ఖైనీలు నోటి క్యాన్సర్‌కు దారులు. తేడాకు ఒక ముఖ్య కారణం తయారీ ప్రమాణాలు. వ్యసనం మాత్రం రెండిట్లోనూ ఉంది.

చంపేది నికోటిన్ కంటే పొగలోని తారేనని లండన్‌లో మైకేల్ రసెల్ 1976లో రాశాడు. మన టొబాకో బోర్డు గుంటూరులో మొదలైందీ ఆ ఏడాదే. 2019లో కేంద్రం ఈ-సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించింది. పిల్లలు అలవాటు పడతారన్న భయం నిజమైనదే, కొట్టిపారేయలేం. కానీ కిళ్ళీకొట్టులో మామూలు సిగరెట్ దర్జాగా దొరుకుతూనే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా తాగుతూ మానలేకపోతున్న మనిషికి ఈ చట్టం ఏ దారి చూపించినట్టు?