సైన్యం వాళ్లది, జీతం మనది

తెలుగు నేల మీద ఐరోపా సైన్యాలు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది బొబ్బిలి. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’, 1986లో ‘తాండ్ర పాపారాయుడు’ చిత్రాలు వచ్చాయి. మనకు కొద్ది దూరంలోనే ఉన్న ఫిల్మ్‌నగర్‌లో ఇప్పటికీ చారిత్రక సినిమా అంటే కోట గోడలు, ఫిరంగులు, గుర్రాల మీద దొరలు ఉండి తీరాలి. తెర మీద యుద్ధం కనిపిస్తుంది. ఆ ఫిరంగి లాగిన ఎద్దుకు మేత ఎవరు పెట్టారో, దాన్ని పేల్చిన సిపాయికి నెల జీతం ఎవరిచ్చారో కనిపించదు. ఈ వ్యాసంలో ఆ లెక్కే చెప్పదలిచాను. పరాయి సైన్యం మన గడ్డ మీద ఎప్పుడు క్రమశిక్షణతో ఉంది, ఎప్పుడు అడ్డం తిరిగింది, తెలుగువాళ్లను మూడు ప్రాంతాలుగా ఎలా విడదీసింది అన్న ప్రశ్నలకు జవాబు చాలావరకు జీతాల పుస్తకంలోనే దొరుకుతుంది.

బుస్సీ బాకీ, బొబ్బిలి కోట

1751లో ముజఫర్ జంగ్ కడప ప్రాంతంలో హతుడైనప్పుడు, వెంట ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ సలాబత్ జంగ్‌ను దక్కన్ గద్దె మీద కూర్చోబెట్టాడు. కొత్త ప్రభువుకు రక్షణగా ఫ్రెంచి దళం ఉండిపోయింది. రక్షణకు ఖర్చు ప్రభువుదే. 1753లో బుస్సీ జబ్బుపడి మచిలీపట్నం వెళ్లాడు. ఆయన లేని ఆ కొద్ది నెలల్లో ఇక్కడి సైనికులకు జీతాలు ఆగిపోయాయి, కట్టుబాటు తప్పింది. దివాను ఆ దళాన్ని ముక్కలు చేసి తలోచోటికి పంపి వదిలించుకోవాలని చూశాడు. బుస్సీ తిరిగి వచ్చి ఔరంగాబాద్‌లో సలాబత్ జంగ్‌తో కొత్త ఒప్పందం చేసుకున్నాడు. నెలనెలా ఖజానా ముందు చేయి చాచే పని లేకుండా ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ అనే నాలుగు సర్కారుల శిస్తును సైన్యం జీతాల కింద రాయించుకున్నాడు. ముస్తఫానగర్ అంటే కొండపల్లి వైపు, చికాకోల్ అంటే మన శ్రీకాకుళం.

అలా పొలం దున్నే రైతుకూ ఫ్రెంచి సిపాయికీ నేరుగా ముడిపడింది. ఇంకో సంగతి కూడా త్వరలోనే తేలింది. 1756లో సలాబత్ జంగ్ ఫ్రెంచివారిని కొలువు నుంచి తొలగించాడు. బుస్సీ హైదరాబాద్ వచ్చి చార్ మహల్‌లో మకాం పెట్టి, తీరం నుంచి అదనపు బలగం వచ్చేదాకా నిలబడ్డాడు. చివరికి ప్రభువే రాజీకి వచ్చాడు. ఇంట్లో పనివాణ్ణి మానిపించినట్టు ఈ సైన్యాన్ని మానిపించడం కుదరదని అప్పుడే తెలిసివచ్చింది.

ఆ వెంటనే బుస్సీ సర్కారులకు వెళ్లాడు. మొండికేసిన జమీందారుల దగ్గర శిస్తు బాకీలు రాబట్టాలి. అక్కడ శిస్తు గుత్త పట్టి ఆయనకు కుడిభుజంగా ఉన్నవాడు విజయనగరం ప్రభువు విజయరామరాజు. విజయనగరానికీ బొబ్బిలికీ పాత వైరం ఉండనే ఉంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి ఫిరంగులు పేలాయి. రంగారావు పోరాడి నేలకొరిగాడు. కోటలోని స్త్రీలు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకుండా ప్రాణాలు వదిలారు. రాజకుమారుడు చిన రంగారావు మాత్రం బతికి బయటపడ్డాడు. కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారంలోనే చంపాడు. ఈ కథలో పౌరుషం ఉంది, పగ ఉంది. వాటి వెనక జీతాల కోసం రాయించుకున్న నాలుగు సర్కారుల పద్దు కూడా ఉంది.

మచిలీపట్నం గోడల ముందు

ఇంగ్లీషువారి సంగతీ ఇంతే. విజయరామరాజు వారసుడు ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిని వదిలి బెంగాల్‌లోని ఇంగ్లీషు కంపెనీని పిలిచాడు. 1758 డిసెంబరులో కర్నల్ ఫోర్డ్ చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించాడు. ఫ్రెంచివారు కోలుకోకముందే మచిలీపట్నం మీద పడాలన్నది ఆయన ఆలోచన. అయితే ఖర్చు భరిస్తానన్న రాజు డబ్బు దగ్గర వెనక్కు తగ్గాడు. సైన్యం దారిలోనే వారాల తరబడి ఆగింది. తీరా కోట ముట్టడిలో ఉండగా, 1759 మార్చిలో, ఫోర్డ్ దళంలోని ఐరోపా సైనికులే ఆయుధాలు పట్టుకుని బయటికి వచ్చి, తమకు రావలసిన గెలుపు సొమ్ము ఇవ్వకపోతే వెళ్లిపోతామన్నారు. ఫోర్డ్ మాట ఇచ్చి శాంతపరిచాడు. ఏప్రిల్ 7 రాత్రి అదే సైనికులు కోటలోకి దూకి గెలిచారు. వాళ్ల ధైర్యాన్ని ఎవరూ కాదనలేరు. ఆ ధైర్యానికి ఒక ధర ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఈ ‘ఐరోపా’ సైన్యాల్లో ఎక్కువమంది మనవాళ్లేనన్నది మరో నిజం. అధికారులు దొరలు, సిపాయిలు ఈ దేశస్థులు. దక్షిణాది నుంచి వెళ్లిన దళాల వల్ల ఉత్తర హిందుస్తానంలో కంపెనీ సిపాయికి ‘తిలంగా’ అనే పేరు స్థిరపడింది. అంటే తెలుగువాడు అని. 1857లో ఢిల్లీలో తిరగబడిన అవధ్ సిపాయిలను కూడా అక్కడి జనం తిలంగాలనే అన్నారు.

గన్‌ఫౌండ్రీ దొర

హైదరాబాద్‌లో ఆబిడ్స్ పక్కన ఉన్న గన్‌ఫౌండ్రీ పేరు మనందరికీ తెలుసు. అక్కడ ఫిరంగులు పోయించినవాడు నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్. మూసారాంబాగ్ పేరు కూడా ఆయన పేరు నుంచే వచ్చిందని నగరంలో చెప్పుకుంటారు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడినప్పుడు ఇంగ్లీషువారు తమకు సంబంధం లేదని పక్కన నిలబడ్డారు. అప్పటినుంచి నిజాం రేమండ్ దళాన్ని బాగా పెంచాడు. అది దాదాపు 14,000 మంది దాకా పెరిగింది.

1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు ఆరు ఇక్కడ ఉంటాయి, ఏడాదికి 24 లక్షల రూపాయలకు పైగా నిజాం చెల్లించాలి, ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. అక్టోబరులో ఆ దళంలోని సిపాయిలు జీతం బకాయిల కోసం తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. మాట్లాడటానికి వెళ్లిన ఇంగ్లీషు అధికారి మాల్కంను కూడా చుట్టుముట్టారు. ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన సిపాయిలే ఆయన్ని కాపాడారు. మరునాడు, అక్టోబరు 22న, కంపెనీ పటాలాలు చుట్టూ మోహరించి, బకాయిలు చెల్లిస్తామని హామీ ఇవ్వగానే వేలమంది ఆయుధాలు కింద పెట్టేశారు. దక్కన్‌లో ఫ్రెంచి బలం రక్తం చిందకుండా ఒక్క రోజులో మాయమైంది.

శాంతి కోసం రెండు సైన్యాలు

ఇక్కడి నుంచి కథ యుద్ధం వదిలి శాంతిభద్రతల పేరుతో నడుస్తుంది. మనం బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కి దిగే సికింద్రాబాద్ ఆ సంధి వల్ల పుట్టిన ఊరే. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ పటాలాలు దిగిన చోటుకు 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు.

1800లో పటాలాల సంఖ్య పెంచి, ఏటా నగదు ఇచ్చే బదులు శాశ్వతంగా భూమే ఇవ్వమని కంపెనీ అడిగింది. టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధాల్లో నిజాంకు వాటాగా వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు వైపు తాలూకాలు కంపెనీకి దక్కాయి. అవే దత్త మండలాలు. ఆ పేరు అవమానంగా ఉందని 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’ అని మార్చుకున్నారు.

ఇంత ఇచ్చాక నిజాంకు వచ్చిన సైన్యం ఏ పనికి? సంధిలోనే ఒక షరతు ఉంది. ఈ పటాలాలు ప్రభువు రక్షణకు, తిరుగుబాట్లు అణచడానికి వస్తాయి తప్ప చిన్నాచితకా పనులకు రావు, శిస్తు వసూలుకు బండ్రోతుల్లా ఊళ్లలో కాపలా ఉండవు. మరి ఆ పనులు ఎవరు చేయాలి? దానికి ఇంకో సైన్యం కావలసి వచ్చింది. రెసిడెంట్ హెన్రీ రసెల్ కాలంలో, పేష్కారు చందూలాల్ సహకారంతో, ఇంగ్లీషు అధికారుల కింద రసెల్ బ్రిగేడ్ తయారైంది. అదే పెరిగి కంటింజెంట్ అయింది. బొల్లారం దాని ముఖ్య స్థావరం. దానికి ఆజ్ఞ రెసిడెన్సీది, ఖర్చు నిజాంది.

ఆ ఖర్చుకు ఖజానా చాలలేదు. పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ సైన్యం జీతాలకు అప్పులిచ్చింది. 1820లో ఒక్కసారే 60 లక్షల అప్పు పత్రం రాశారు. ఆ బాకీ తీర్చడానికి 1823లో నిజాం, ఉత్తర సర్కారుల మీద కంపెనీ తనకు ఏటా కట్టవలసిన పేష్కష్‌ను 1 కోటి 16 లక్షల పైచిలుకు రూపాయలకు శాశ్వతంగా వదులుకున్నాడు. సర్కారుల మీద మిగిలిన ఆఖరి హక్కు అలా సైన్యం అప్పు కిందికి పోయింది. పల్లెల్లో శిస్తును ముందుగా డబ్బు పెట్టినవారికి గుత్తకిచ్చారు. గుత్తేదారు పెట్టిన డబ్బు రైతు దగ్గరే రాబట్టుకునేవాడు. పద్దులో రూపాయలుగా కనిపించేది తెలంగాణ ఊళ్లలో గింజలు, గొడ్లు.

మళ్లీ బాకీలు పేరుకున్నాయి. 1853 మే 21న గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒత్తిడి మీద నాలుగో నిజాం నాసిరుద్దౌలా బేరార్, రాయచూర్ దోఆబ్, ధారాశివ్ జిల్లాలను కంటింజెంట్ ఖర్చుల కింద అప్పగించాడు. కొద్దిరోజులకే 24 ఏళ్ల సాలార్ జంగ్ దివాను అయ్యాడు. ఆయన జీవితమంతా బేరార్ తిరిగి తేవాలని ప్రయత్నించాడు. 1860లో మిగతా రెండూ వచ్చాయి, బేరార్ రాలేదు. 1902లో ఏడాదికి 25 లక్షల కౌలు మీద అది శాశ్వతంగా ఇంగ్లీషువారికే పోయింది.

శాంతి కాపాడతామన్న సైన్యాన్ని జనం ఎలా చూశారో 1857 జూలై 17న తెలిసింది. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. రెసిడెన్సీ ఫిరంగుల ముందు వాళ్లు నిలవలేకపోయారు. మౌల్వీని అండమాన్ పంపారు. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర చంపారు.

లెక్క అడిగే హక్కు

పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు ఇదంతా పాతకాలపు సామ్రాజ్యాల సంగతి అనిపించవచ్చు. ఇప్పటి శాంతి పరిరక్షక దళాలతో పోల్చి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి దళాల ఖర్చును సభ్యదేశాలు వాటాలు వేసుకుని భరిస్తాయి. సైనికుణ్ణి పంపిన దేశం ధనికదైనా పేదదైనా తలకు ఇచ్చే మొత్తం ఒక్కటే. దళం నిలిచిన దేశం తన జిల్లాలు రాసివ్వనక్కర్లేదు.

అంతమాత్రాన తప్పులు జరగడం ఆగలేదు. 1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో నెదర్లాండ్స్ దళం రక్షణలో ఉన్నామనుకున్న ఊరు సెర్బు బలగాల చేతికి పోయింది. 8,000 మందికి పైగా పురుషులు, మగపిల్లలు హత్యకు గురయ్యారు. చనిపోయినవారి తల్లులు నెదర్లాండ్స్ కోర్టుకే వెళ్లారు. దళం స్థావరంలో తలదాచుకుని, అక్కడి నుంచి బయటికి వెళ్లక తప్పని సుమారు 350 మంది విషయంలో తమ ప్రభుత్వానికీ పాక్షిక బాధ్యత ఉందని 2019లో ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు తల్లులకు పూర్తి న్యాయం కాదు. అయినా తమను కాపాడతామన్న సైన్యాన్ని జవాబు అడిగే ఒక గుమ్మం వాళ్లకు దొరికింది. శ్రీకాకుళం రైతుకూ, కడప రైతుకూ, మెదక్ రైతుకూ అలాంటి గుమ్మం ఒక్కటీ లేదు. వాళ్లు జీతం ఇచ్చారు, లెక్క అడగలేకపోయారు.

ఆ జీతాల చెల్లింపులే మన పటం మీద మొదటి గీతలు గీశాయి. సర్కారులు 1753లో ఫ్రెంచివారి జీతాల కింద కదిలి, చివరికి కంపెనీకి చేరాయి. సీమ 1800లో వెళ్లింది. తెలంగాణ నిజాం దగ్గర మిగిలి రెండు సైన్యాల ఖర్చు మోసింది. తర్వాత ఈ మూడు చోట్లా బడి భాష, భూమి శిస్తు, కచేరీ పద్ధతి వేరువేరుగా పెరిగాయి. 1956లో కలవడానికీ, 2014లో విడిపోవడానికీ ఇంకెన్నో కారణాలున్నాయి. కానీ ఒక తెలుగువాడు మరో తెలుగువాడికి వేరే ప్రాంతంవాడుగా మారడం ఈ పద్దుల దగ్గర మొదలైంది. మన బోరబండలో ఈ మూడు ప్రాంతాల ఇళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. మన బడి హాజరుపట్టీలో ఈ మూడు ప్రాంతాల ఇంటిపేర్లూ ఉన్నాయి. ఒకే బెంచీ మీద కూర్చున్న మనకు, మన తాతముత్తాతలను విడదీసిన లెక్క తెలిసి ఉండటం మంచిది.

స్వర్ణోత్సవ సందర్భంగా మన పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక చిన్న సూచన. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను ఒక్కరోజు బస్సులో తీసుకెళ్లాలి. గన్‌ఫౌండ్రీ, మలక్‌పేట వైపు ఆస్మాన్‌గఢ్‌లోని రేమండ్ సమాధి, కోఠీలోని పాత రెసిడెన్సీ భవనం, అక్కడికి దగ్గర్లోని తుర్రెబాజ్ ఖాన్ స్మారక స్తంభం, చివరగా బొల్లారం చూపించాలి. తేదీలు బట్టీ పట్టించనక్కర్లేదు. ప్రతి చోటా పిల్లల చేత ఒక్క ప్రశ్న అడిగించండి: ఇక్కడున్న సైనికుడికి జీతం ఎవరిచ్చారు, ఆజ్ఞ ఎవరిచ్చారు? ఈ రెండింటికీ జవాబు ఒకటే కానప్పుడు ఏం జరుగుతుందో వాళ్లే చెబుతారు.