సెల్ఫు కొట్టే ముందు

"ఇంజను బోరుకొచ్చింది" అనే మాట ఈనాటి పిల్లలకి అర్థం కాదు. 1970లలో, 80లలో కారున్న ఇంట్లో కాపురం చేసిన ఆడవాళ్ళని అడిగి చూడండి, గుండెల్లో రాయి పడేది. గొట్టంలోంచి నీలంగా పొగ, మాటిమాటికీ ఆయిల్ పోయడం, మిట్ట ఎక్కేసరికి బండికి ఆయాసం - ఇవీ లక్షణాలు. మెకానిక్కు నోట ఆ మాట వచ్చిందంటే ఇంటాయన చూపు ముందు బీరువా మీదికి, తర్వాత ఆవిడ మెడలోకి వెళ్ళేది!

పల్నాడులో బళ్ళకి ఈ జబ్బు కాస్త ముందుగానే వచ్చేది. నరసరావుపేట దాటి పిడుగురాళ్ళ, గురజాల, మాచర్ల వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు, అదంతా సున్నపురాయి నేల. సున్నం బట్టీలు, నాపరాళ్ళ గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. వేసవిలో ఓ లారీ ముందు పోతే వెనక వచ్చేవాళ్ళ కనుబొమ్మలు కూడా తెల్లబడతాయి. ఆ దుమ్ము గాలితోపాటు ఇంజనులోకి చేరి, ఆయిల్లో కలిసి, సాన మీద గంధంచెక్క అరిగినట్టు సిలిండరు గోడల్ని అరగదీస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన బోరు కోలగా మారుతుంది. పిస్టను వదులైపోతుంది. ఇంక బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కొత్త బండి కొనుక్కోవచ్చుగా అంటారేమో. ఆ రోజుల్లో ఉన్నవే మూడు - అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. అందులోనూ ఫియట్‌కి డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుక్కూచోవాలి. అంబాసిడర్ 1957లో మన దేశంలో తయారవటం మొదలైంది. అదీ ఇంగ్లండువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డుకి మనం పెట్టుకున్న పేరే. మారుతి వచ్చింది 1983 డిసెంబరులో. అందాకా ఉన్న ఇంజనుకే మళ్ళీ మళ్ళీ జన్మ ఎత్తించాలి. మొదటిసారి బోరుని ఇరవై థౌ పెద్దది చేసి, దానికి తగిన పిస్టన్లు వేసేవారు. (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు.) రెండోసారి నలభై. గోడలు మరీ పలచబడితే స్లీవులు దింపి తిరిగి మొదటి సైజుకే తెచ్చేవారు. చీర చివికిపోయినా అంచు విప్పి ఇంకో చీరకి కుట్టుకునే మన అమ్మమ్మల బుద్ధే అది.

పాత బండికి ప్రాణం పోయడంలో మనవాళ్ళ ఘనత లోకమంతా చూసింది కూడా. 1966లో 'పల్నాటి యుద్ధం' సినిమాలో బ్రహ్మనాయుడైన ఎన్.టి. రామారావుగారు 1982లో పార్టీ పెట్టి రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం ఏమిటనుకున్నారు? 1940 నాటి షెవర్లే వ్యాను! హరికృష్ణగారు దానికి సారథి. జనం రథాన్ని చూశారు, సారథిని చూశారు. నాకు మాత్రం ఆ ఫోటోలు చూస్తే, అంత ముసలి బండిని ఊరూరా తిరిగేలా నిలబెట్టిన నల్లటి ఆయిల్ చేతులే గుర్తొస్తాయి.

ఇంతకీ, బోరింగయి వచ్చిన ఇంజను బిగించగానే సెల్ఫు కొట్టేస్తే ఏమవుతుంది? అక్కడే ఉంది కిటుకు. కొత్తగా బిగించిన ఇంజనుకి గండమంతా మొదటి అరనిమిషంలోనే. దారులన్నీ పొడిగా ఉంటాయి. ఆయిల్ అందేలోగా ఇనుమూ ఇనుమూ ఒరుసుకున్నాయంటే, పెట్టిన డబ్బంతా ఆ కాస్సేపట్లో గీతలు పడిపోతుంది. అందుకే మంచి మెకానిక్కు అనుభవమున్న మంత్రసాని లాంటివాడు. అసలు తొందరపడడు. బిగించేటప్పుడే బేరింగులకీ, పిస్టన్లకీ ఆయిల్ పట్టిస్తాడు. టాపెట్ల సందు పదిహేను థౌ ఉందో లేదో రేకు పెట్టి చూస్తాడు. ఒకటి, మూడు, నాలుగు, రెండు - ఇదీ ప్లగ్గులు వెలిగే వరస. తీగలు తారుమారైతే తుమ్ములూ దగ్గులే తప్ప బండి లేవదు. రేడియేటరు నింపి, ఎక్కడైనా నీరు కారుతోందేమో తడిమి చూస్తాడు. టాంకులో నెలల తరబడి నిలవున్న పెట్రోలు తీసేసి కొత్తది పోయిస్తాడు.

ఆ తర్వాత ప్లగ్గులన్నీ ఊడదీసి, హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పుతాడు. అదేమిటి, ప్లగ్గులు లేకుండా ఎలా లేస్తుందీ అని అడక్కండి. లేవకూడదనే! బేరింగుల మీద బరువు పడకుండా, నిప్పు రాజకుండా, ముందు ఆయిల్ ఒక్కటే ఊరంతా తిరిగి రావాలి. పైన మూత తీసి ఉంచుతాడు. తిప్పగా తిప్పగా రాకర్ల మొదట్లో సన్నగా ఆయిల్ ఊరుతుంది, చేపుకొచ్చిన పాలలాగా. అది కనిపించాకే ప్లగ్గులు బిగించేది.

అప్పుడు కొబ్బరికాయ, కర్పూరం, చక్రాల కింద నిమ్మకాయలు. బ్యాటరీ మొరాయిస్తే మళ్ళీ హ్యాండిలే గతి. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచుకోవాలి సుమా! ఎదురు తన్నిందంటే మణికట్టు విరుగుతుంది. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కంపెనీవాళ్ళు సెల్ఫు స్టార్టరు పెట్టింది ఈ బాధ తప్పించడానికే. ఆడవాళ్ళు ఒంటరిగా కారు తీసుకెళ్ళడం తేలికైందీ ఆ తర్వాతే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆడవాళ్ళు అంతకు ముందూ ఊరుకోలేదు. జర్మనీలో కార్ల్ బెంజ్ వర్క్‌షాపు చేతులు మారిపోబోతే, ఇంకా పెళ్ళి కాకముందే తన కట్నం డబ్బు ముందుగా తెప్పించి నిలబెట్టింది బెర్తా. వాళ్ళ పెళ్ళి 1872లో. 1879 డిసెంబరు 31 రాత్రి, ఎంతకీ లేవని ఇంజను దగ్గరికి, భోజనాలయ్యాక మరొక్కసారి చూద్దామని ఆవిడే మొగుణ్ణి బయల్దేరదీసిందట. ఆ రాత్రి లేచింది! దాని చప్పుడు వింటూ ఇద్దరూ నించుండిపోయారనీ, అంతలో కొత్త సంవత్సరం గంటలు మోగాయనీ ఆయనే రాసుకున్నాడు. 1888లో ఆవిడ మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని కారులో పుట్టింటికి వెళ్ళింది. నూరు కిలోమీటర్ల పైమాటే, ఇంచుమించు గుంటూరు నుంచి గురజాల దాకా అనుకోండి. దారిలో పెట్రోలు లాంటి ద్రావకం కొన్నది మందుల షాపులో. గొట్టం పూడుకుపోతే తీసింది టోపీ పిన్నుతో.

మన పల్నాటి ఇల్లాళ్ళని చరిత్రలో ఎవరూ రాయలేదు గానీ, బెర్తా కట్నం లాంటివే వాళ్ళ గొలుసులు. కుదువకి వెళ్ళి రింగులై, పిస్టన్లై తిరిగొచ్చేవి. అందుకే షెడ్డులో ఇంజను తొలికూత కూసే వేళకి ఇంట్లో ఆవిడ చెవులన్నీ వీధివైపే.

లేచిన ఇంజనుని గుర్రుమని తొక్కి మురిసిపోకూడదు, అలాగని నెమ్మదిగానూ వదలకూడదు. ఓ పావుగంటసేపు కాస్త హెచ్చు వేగంలోనే ఆడనివ్వాలి. నెమ్మదిగా ఆడితే క్యాముకీ టాపెట్లకీ ఆయిల్ సరిగా చిందదు. ప్రెషరు ముల్లు వెంటనే లేవకపోతే క్షణం ఆలోచించకుండా ఆపెయ్యాలి. చల్లారాక హెడ్డు నట్లు మళ్ళీ బిగించాలి. ఆపైన అయిదొందల మైళ్ళు బాలింత పథ్యమే. బరువులొద్దు, స్పీడొద్దు. వెనక అద్దం మీద 'రన్నింగ్ ఇన్' అని కాగితం అంటించుకున్న బళ్ళు మీకు గుర్తుండే ఉంటాయి.

అయిదొందల మైళ్ళు కాగానే ఆయిల్ దింపుతారు. మెకానిక్కు దాన్ని రెండు వేళ్ళ మధ్య రాసి, ఎండకెత్తి చూస్తాడు. ఇనపరజను మెరుపులు కొద్దిగా కనిపిస్తే ఫరవాలేదు, మొదటిసారి అది మామూలే. బేరింగు రేకులు తళుక్కుమంటే మాత్రం మొదటికొచ్చినట్టే. వేళ్ళు గుడ్డకి తుడుచుకుని అతను తలాడిస్తే, గొలుసు ఎన్ని నెలల్లో విడిపించుకోవచ్చో ఇంట్లో లెక్క మొదలయ్యేది.