చింతపిక్కలు

ఖర్చు లేకుండా పిల్లల్ని ఆడించడం యెలా అన్న చర్చ యీమధ్య తరచు వింటున్నాను. చర్చించేవారు సాధారణంగా బొమ్మల అంగడి ధరలకు బెదిరిన మధ్యతరగతి వారు. చివరకు వారంతా మన పాత ఆటల దగ్గరికే వస్తారు: గచ్చకాయలు, తొక్కుడుబిళ్ళ, బిళ్ళంగోడు, వామనగుంటలు. పైసా ఖర్చు లేదు కదా అంటారు. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం కోసం వామనగుంటల్నే తీసుకుని చూద్దాం.

వేసవిలో ఆడవాళ్ళు కూలికి చింతపండు కొట్టేవారు. పండు యజమాని యింటికి పోయేది. గుప్పెడు పిక్కలు పిల్లల చేతికి వచ్చేవి. నేలలో రెండు వరసలుగా యేడేసి గుంటలు చేస్తే ఆట సిద్ధం. కలవారి యిళ్ళలో చెక్కిన కొయ్యపీట వుండేది. పీట లేనంతమాత్రాన ఆట ఆగేది కాదు. వొక గుంటలోని పిక్కలు తీసి తర్వాతి గుంటల్లో వొక్కొక్కటే వేస్తూ పోవాలి. చేతిలోవి అయిపోతే ఆపై గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి. ఆ గుంట ఖాళీగా వుంటే దాన్ని తుడిచి, దాని పక్క గుంటలోవి గెలుచుకోవాలి. ఓడినవారు మలి ఆటకు తమ గుంటలన్నీ నింపుకోలేరు. గెలిచినవారు యెక్కువతో, ఓడినవారు తక్కువతో మొదలుపెడతారు. యిందులో వడ్డీవ్యాపారి స్వరూపాన్ని చూడగల విమర్శకులు మనలో లేకపోలేదు. నాకంత తొందర లేదు. ఆడే పిల్లకు కావలసింది యే గుంటలో యెన్ని వున్నాయన్న లెక్క. బడి గడప తొక్కని మా అమ్మ కూడికలూ తీసివేతలూ నేర్చింది యీ గుంటల దగ్గరే.

యిది కేవలం మన సొత్తని గర్వించేవారు ప్రపంచపటం వొకసారి చూడాలి. తమిళులకిది పల్లాంగుళి, కన్నడిగులకు అళిగుళి మణె. ఆఫ్రికాలో చాలా భాగాన దీని బంధువులు వున్నాయి. పశ్చిమాఫ్రికాలో వరసకు ఆరు గుంటలు, మొత్తం 48 గింజలు. అక్కడినుంచి బానిసలుగా ఓడల కెక్కించిన మనుషులతోపాటే యీ ఆట కరీబియన్ దీవులకు చేరింది. ఆంటిగ్వా, బార్బడోస్‌లలో దాన్ని ‘వారీ’ అంటారు. తమ వొళ్ళే తమది కానివారు యే పీటను మోసుకుపోగలరు? తలలో పెట్టుకుపోయారు. గుంటలకు నేల యెక్కడైనా వుంటుంది, గింజలు యే చెట్టుకైనా కాస్తాయి.

మన దగ్గర వామనగుంటలు ఆడింది యెక్కువగా ఆడవాళ్ళూ ఆడపిల్లలూ. కారణం శాస్త్రాల్లో వెదకనక్కరలేదు. యిది కూర్చుని ఆడే ఆట. వొడిలో పసివాడు నిద్రపోతున్నా ఆడవచ్చు; లోపలినుంచి కేక వినబడితే లేచిపోయి, తిరిగి వచ్చి సాగించవచ్చు. బిళ్ళంగోడు అలా కాదు. దానికి బయలు కావాలి, జట్టు కావాలి, పూటసేపు తీరిక కావాలి. మగపిల్లల్లోనూ అది అందరికీ యెక్కడ దొరికింది? పశువులు కాసేవాడికి మంద నిలిచినంతసేపే ఆట. పాలేరుగా కుదిరిన కుర్రవాడికి అదీ లేదు. పిక్కలకు డబ్బు అక్కరలేదన్నది నిజమే. తీరికకూ నేలకూ మాత్రం యెవరో వొకరు ధర చెల్లిస్తూనే వచ్చారు.

1959లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ప్రకటన ఆటను హక్కుగా చెప్పింది. 1989 నాటి వొడంబడిక తన 31వ అధికరణంలో విశ్రాంతినీ తీరికనూ కూడా చేర్చింది. భారతదేశం 1992లో దాన్ని ఆమోదించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఆటస్థలం వుండాలని వుంది.

నేను పనిచేసిన వొక బడికి ఆటస్థలం వుండేది. అందులో వొక మూలకు మొదట గది వచ్చింది, తర్వాత లారీలు నిలిపే చోటు వచ్చింది, చివరకు మధ్యగా ప్రహరీ లేచింది. పిల్లలు వరండాలో చేరారు. అయిదో తరగతి పిల్ల వొకతె గచ్చుమీద సుద్దముక్కతో పద్నాలుగు సున్నాలు గీసి, సంచిలోంచి పిక్కలు తీసింది. యెవరు నేర్పారమ్మా అని అడిగాను. మా నాయనమ్మ అన్నది. యింటిదగ్గర కూడా ఆడతావా అన్నాను.

“లేదు సార్. ఇంటికాడ పనుంటది” అని, తన వంతు రాగానే పిక్కలు పంచడంలో పడింది.