నెప్ట్యూన్ మీదుగా నడిచిన రథం

రాచబిడ్డలకు గ్రీకు, రోమన్ దేవతల వేషం కట్టి పటం గీయించడం వట్టి ముఖస్తుతి అంటారు. చాలామటుకు నిజమే. కానీ 1636లో గెరార్డ్ వాన్ హోంట్‌హోర్స్ట్ గీసిన పటం సంగతి వేరు.

హోంట్‌హోర్స్ట్‌ది నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్. 1628లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ పిలిస్తే లండన్ వెళ్ళాడు. ఆ కొలువుకు వేషాలు కొత్త కాదు. బెన్ జాన్సన్ రాతతో, ఇనిగో జోన్స్ రంగాలంకరణతో సాగే ఆస్థాన నాటకాల్లో రాణులే దేవతలుగా రంగమెక్కేవారు. హోంట్‌హోర్స్ట్ ఆ ముచ్చటను కాన్వాసుకెక్కించాడు: రాజు అపోలో, రాణి హెన్రియెట్టా మరియా డయానా, మంత్రి బకింగ్‌హామ్ మెర్క్యురీ. ఇది అచ్చమైన ముఖస్తుతే.

1636 నాటి పటం మాత్రం చార్లెస్ అక్క ఎలిజబెత్ కుటుంబానిది. ఆమె అప్పటికే హేగ్‌లో ప్రవాసి. ఆమె భర్త ఫ్రెడరిక్ 1619లో బొహీమియా రాజయ్యాడు. మరుసటి ఏడే ప్రాగ్ దగ్గరి యుద్ధంలో ఓడి సింహాసనం పోగొట్టుకున్నాడు. ఒక్క చలికాలమే ఏలిందని ఆమెకు ‘శీతాకాలపు రాణి’ అని పేరు పడింది. పదమూడు మంది సంతానం. స్పెయిన్ నుంచి డచ్చివాళ్ళు పట్టుకొచ్చిన నిధి ఓడలను చూడాలని 1629 జనవరిలో తండ్రితో బయలుదేరిన పెద్దకొడుకు ఫ్రెడరిక్ హెన్రీ, పడవ ప్రమాదంలో మునిగిపోయాడు. అప్పుడతనికి పదిహేనేళ్ళు. తండ్రి బతికి బయటపడ్డాడు గానీ 1632లో అతనూ పోయాడు. మరో ఇద్దరు బిడ్డలు పసితనంలోనే దక్కకుండా పోయారు.

ఇలాంటి ఇంటికి మామూలు కుటుంబచిత్రం ఎలా గీస్తారు? బతికున్నవాళ్ళనే గీస్తే కుటుంబంలో నలుగురు మాయం. పోయినవాళ్ళను పక్కన నిలబెడితే అబద్ధం. పురాణవేషం ఈ చిక్కు విప్పింది. హోంట్‌హోర్స్ట్ పటంలో ఎలిజబెత్ సింహాలు లాగే రథమెక్కి విజయయాత్రకు బయలుదేరింది. పిల్లల్లో బతికున్నవారూ పోయినవారూ, చనిపోయిన భర్తా అందరూ ఒకే కాన్వాసు మీద కలిశారు. రథం కింద నలుగుతున్నది మృత్యువూ, త్రిశూలం పట్టిన సముద్రదేవుడు నెప్ట్యూనూ. కొడుకును నీళ్ళు మింగాయిగా! పోయిన రాజ్యం తిరిగి రాకపోయినా నీటి మీద కసి మాత్రం తీరింది.

ఆ పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పిన గురువు కూడా హోంట్‌హోర్స్టే. ఒకమ్మాయి లూయిజ్ హోలాండీన్ చిత్రకారిణిగా పేరు తెచ్చుకుంది. ఇంట్లో మనిషిలా తిరిగినవాడు కాబట్టే ఆ కసిని అంత సూటిగా గీయగలిగాడని నా ఊహ.

1670 నాటికి ఈ ఉపాయం ఫ్రాన్స్‌లోనూ పనికొచ్చింది. పద్నాలుగో లూయీ తమ్ముడు ఫిలిప్ తన సెయింట్ క్లౌడ్ కోట కోసం జాన్ నోక్రే చేత రాచకుటుంబాన్ని ఒలింపస్ దేవతలుగా గీయించాడు. లూయీ అందులో అపోలో. అతని మేనత్త, చార్లెస్ రాణి హెన్రియెట్టా మరియా త్రిశూలంతో సముద్రదేవతగా కూర్చుంది. అంతకు ముందు ఏడాదే ఆమె కన్నుమూసింది. పసికందులుగా పోయిన రాజుగారి ఇద్దరు బిడ్డలు మాత్రం దేవతల నడుమకు రాలేదు. పటంలోనే మరో చిన్న పటంలా, చట్రంలో ఉన్నారు. మర్యాద తెలిసిన ఏర్పాటే అది. హోంట్‌హోర్స్ట్ తెగువ మాత్రం నోక్రేకు లేదు.