అమెరికాలో పిల్లలు ఒకలా, టీచర్లు ఒకలా.. కమ్యూనిటీ కాలేజీలతో ఈ తేడా తగ్గుతుందా?

అమెరికా ప్రభుత్వ స్కూళ్లలో సగానికి పైగా పిల్లలు నల్లజాతి, హిస్పానిక్, ఆసియా తదితర వర్గాల వాళ్లే. కానీ 2020-21 లెక్కల ప్రకారం టీచర్లలో దాదాపు 80 శాతం మంది శ్వేతజాతీయులు. ఈ తేడా తగ్గించేందుకు కొన్ని రాష్ట్రాలు కమ్యూనిటీ కాలేజీల వైపు చూస్తున్నాయి.

ఎందుకంత ముఖ్యం?
స్కూళ్లలో జాతి విభజన చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి స్కూళ్లు మూతపడి, వేలాది మంది నల్లజాతి టీచర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ లోటు ఇప్పటికీ పూడలేదు. మూడో తరగతిలోపు ఒక్క నల్లజాతి టీచర్ దగ్గరైనా చదివిన నల్లజాతి పిల్లలు హైస్కూల్ పూర్తిచేసే అవకాశం 13 శాతం ఎక్కువని టెనెసీలో జరిగిన అధ్యయనం తేల్చింది.

కమ్యూనిటీ కాలేజీ అంటే ఏంటి?
హైస్కూల్ అయ్యాక చేరే రెండేళ్ల కాలేజీ. 1901లో ఇల్లినాయ్‌లో జోలియట్ జూనియర్ కాలేజీతో ఈ తరహా ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి. ఇప్పుడు దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి. ఏడాది ఫీజు సగటున 4 వేల డాలర్లు. అదే ప్రభుత్వ యూనివర్సిటీలో సొంత రాష్ట్రం వాళ్లకే 11 వేలు దాటుతుంది. అందుకే పేదింటి పిల్లలు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు ఎక్కువగా ఇక్కడే చేరతారు.

మరి చిక్కెక్కడ?
మన దగ్గర ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్ చేసి, టెట్ పాసైతే డీఎస్సీలో ఎస్జీటీ పోస్టుకు పోటీ పడొచ్చు. అక్కడ అలా కుదరదు. ప్రభుత్వ స్కూల్లో టీచర్ కావాలంటే సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ ఉండాల్సిందే. అంటే రెండేళ్లయ్యాక యూనివర్సిటీకి మారాలి. ఇలా కాలేజీలు మారినవాళ్లు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోతున్నారని ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2017లో అంచనా వేసింది. చదివిన సబ్జెక్టే మళ్లీ చదవాలి, ఫీజు మళ్లీ కట్టాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు.

రాష్ట్రాలు ఏం చేస్తున్నాయి?
* మేరీల్యాండ్‌లో టీచర్ కోర్సుకే ప్రత్యేక రెండేళ్ల డిగ్రీ ఉంది. దాని క్రెడిట్లను యూనివర్సిటీలు కలుపుకుంటాయి.
* ఫ్లోరిడా 2001లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్ కాలేజీకి నాలుగేళ్ల డిగ్రీలిచ్చే అనుమతి ఇచ్చింది. అందులో టీచర్ కోర్సులూ ఉన్నాయి.
* టెనెసీ 2022లో టీచర్ అప్రెంటిస్‌షిప్ తెచ్చింది. స్కూల్లో పనిచేస్తూ, జీతం తీసుకుంటూనే చదువుకోవచ్చు.

అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. ఫీజు తక్కువని చేరేముందు, ఏ యూనివర్సిటీ ఎన్ని క్రెడిట్లు తీసుకుంటుందో తెలుసుకోవడం తప్పనిసరి.