ఆకాశానికి గట్టు కాపలా

గోదావరికి పెద్ద వరదొస్తే గట్టు వారన ఉన్న ఊళ్లలో రాత్రిళ్లు ఎవరూ పడుకోరు. 1986 ఆగస్టు చూసినవాళ్లని అడగండి, చెబుతారు. మైళ్ల పొడుగు గట్టుని ఒక్కడు కాయలేడు. ఎవరి ఊరి ఎదురుగా ఉన్న ముక్క ఆ ఊరిది. లాంతరో టార్చిలైటో పట్టుకుని, ఎలక బొరియలోంచి నీరు ఊరుతోందా, మట్టి జారుతోందా అని అడుగడుగూ చూసుకుంటూ పోవాలి. పక్క ఊరివాళ్లు ఏం చూశారో నీకు తెలియక్కర్లేదు. నీ ముక్క నువ్వు సరిగ్గా చూస్తే చాలు.

ఆకాశాన్నీ ఇలాగే కాయొచ్చని మనుషులకి కంప్యూటర్లు రాకముందే తట్టింది. అందులో తెలుగు నేలకీ ఒక వాటా ఉంది. 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు కూడి, మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి, నక్షత్రాల స్థానాలు కొలిచి రాసిపెట్టాలని తీర్మానించారు. ఏ ఒక్క వేధశాల వల్లా కాని పని. అందుకని ఆకాశాన్ని పట్టీలుగా కోసి దేశదేశాల వేధశాలలకి పంచారు. చిలీలోని శాంటియాగోకి ఇచ్చిన ఒక పట్టీ, అక్కడ పని సాగక, చివరికి హైదరాబాదు నిజామియా వేధశాలకి వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత ఆస్తితో పెట్టిన వేధశాల అది. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుని బేగంపేటకి మార్చింది. చాట్‌వుడ్, పోకాక్, ఆ తర్వాత పాతికేళ్ల పైబడి టి.పి. భాస్కరన్ ఆ పని నడిపించారు. గాజుపలక మీద పడిన చుక్కల్ని ఒక్కొక్కటిగా కొలిచి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల లెక్క తేల్చారు. పన్నెండు సంపుటాలయ్యాయి.

ఆ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఒక పలక మూల ఎక్కడ పడిందో అక్కడ మరో పలక నడిబొడ్డు ఉండేలా ఫొటోలు తీశారు. దాంతో ప్రతి నక్షత్రమూ కనీసం రెండు పలకల మీద పడుతుంది. ఒకదానిలో దొర్లిన తప్పుని రెండోది పట్టిస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1990ల నడిమికి వద్దాం. ప్యూర్టోరికోలోని అరెసిబోలో 305 మీటర్ల రేడియో టెలిస్కోపు రాత్రీ పగలూ ఆకాశాన్ని వింటోంది. వేరే లోకాల వాళ్లెవరైనా సంకేతం పంపుతుంటే అది ఆ చప్పుడులో ఎక్కడో ఉండొచ్చు. వెతకడమే కష్టం. రాజమండ్రిలో గోదావరి వంతెన దగ్గర నిలబడి రైలు కూత వినండి. దగ్గరకొచ్చేటప్పుడు కీచుగా ఉంటుంది, దాటిపోయాక బొంగురుపోతుంది. రేడియో సంకేతమూ అంతే. మన భూమి తిరుగుతోంది, వాళ్ల గ్రహమూ తిరుగుతుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ ఒకచోట నిలవదు, జరుగుతూ పోతుంది. ఎంత వేగంతో జరుగుతుందో ముందే తెలియదు. రకరకాల వేగాలు ఊహించుకుని, ఒక్కో వేగానికీ అదే డేటాని మళ్లీ మొదటినుంచీ జల్లించాలి. దానికి సరిపడా సూపర్ కంప్యూటరు కొనే డబ్బు ఈ వెతికేవాళ్ల దగ్గర లేదు.

సియాటిల్‌లో ఉండే డేవిడ్ గెడై అనే కంప్యూటర్ ఇంజనీరుకి అప్పుడో ఆలోచన వచ్చింది. లోకంలో లక్షల ఇళ్లలో కంప్యూటర్లు ఊరికే వెలుగుతూ, తెరమీద బొమ్మలు కదిలించుకుంటూ కూర్చుంటున్నాయి కదా, ఆ ఖాళీ వేళని అడిగితే? బర్కిలీలో డేవిడ్ ఆండర్సన్, డాన్ వెర్థైమర్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఉడ్రఫ్ సలివన్ చేతులు కలిపారు. ప్లానెటరీ సొసైటీ, పారమౌంట్ సినిమా కంపెనీ సాయం చేశాయి.

అసలు నేర్పంతా ముక్కలు కొయ్యడంలో ఉంది. ఇంత డేటా పంపే ఇంటర్నెట్ లైను అరెసిబోలో లేదు. 35 గిగాబైట్ల టేపులు పోస్టులో బర్కిలీకి వచ్చేవి. అక్కడ ఫ్రీక్వెన్సీల వెడల్పుని 256 పాయలుగా చీల్చి, ఒక్కో పాయని 107 సెకన్ల చొప్పున తుంచారు. ఒక్కో ముక్క మెగాబైటులో మూడోవంతు. టెలిఫోను లైను మీద నడిచే ఆనాటి ఇంటర్నెట్‌కి అది బరువు కాదు. దాన్ని దింపుకుని లైను కట్ చేసుకోవచ్చు. కంప్యూటరు గంటల తరబడి తనంతట తను లెక్కేసుకుంటుంది. అయ్యాక మళ్లీ ఓసారి లైనులోకొచ్చి చిన్న జవాబు పంపితే చాలు. పక్కవాడి ముక్కతో పని లేదు. గట్టు కాపలాయే.

1999 మే 17న ఈ పథకం ‘సెటీ ఎట్ హోమ్’ అనే పేరుతో మొదలైంది. నిర్వాహకులు లక్షమంది వస్తారేమో అనుకున్నారు. కొద్ది నెలల్లో పది లక్షలు దాటారు. సర్వర్లు ఆ తాకిడికి తట్టుకోలేకపోయాయి. జనం పెరిగాక నమ్మకం సంగతి వచ్చింది. వేడెక్కి తప్పు లెక్క చేసే కంప్యూటర్లున్నాయి. ఎవరు ఎక్కువ ముక్కలు లెక్కేశారో చూపే పట్టికలో తన పేరు పైకెక్కాలని ప్రోగ్రామునే మార్చేసినవాళ్లూ ఉన్నారు. ముక్కు మొహం తెలియని మనిషి పంపిన జవాబుని శాస్త్రంలోకి ఎలా రానివ్వడం? ఒకే ముక్కని ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు ముగ్గురికి పంపి, జవాబులు కలిస్తేనే తీసుకున్నారు. పాతకాలపు గాజుపలకల ఉపాయమే ఇది.

సెటీ ఎట్ హోమ్‌కి గ్రహాంతరవాసి దొరకలేదు. 2020 మార్చి 31న ముక్కలు పంపడం ఆపేశారు. అయినా ఆ పని వృథా కాలేదు. మరో ప్రాజెక్టు పెట్టాలనుకునేవాళ్లు మళ్లీ మొదటినుంచీ కష్టపడకుండా ఆండర్సన్ బృందం ‘బోయింక్’ అనే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. దాని మీద 2005 ఫిబ్రవరిలో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ మొదలైంది. లైగో పరికరాల డేటాలో గురుత్వ తరంగాలు వెతకడం, తర్వాత అరెసిబో డేటాలో పల్సార్లు (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు చిమ్మే నక్షత్రాలు) వెతకడం దాని పని. 2010లో అమెరికా అయోవా రాష్ట్రంలోని ఒక దంపతుల కంప్యూటరు, జర్మనీలో మైంజ్ నగరంలో ఒకాయన కంప్యూటరు ఒకే ముక్కలో ఒకే జవాబు చెప్పాయి. సెకనుకి దాదాపు 41 సార్లు గిర్రున తిరిగే కొత్త పల్సార్ అది. వాళ్లెవరూ ఖగోళ శాస్త్రజ్ఞులు కారు.

రాజమండ్రిలో మా ఇంటి కంప్యూటరూ ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ముక్కలు చూస్తుంది. కరెంటు పోతే ఎక్కడిదాకా లెక్కేసిందో రాసిపెట్టుకుని ఉంటుంది, వచ్చాక అక్కణ్ణుంచే అందుకుంటుంది. మే నెల ఎండల్లో మాత్రం ఆపేస్తాను. గదే కొలిమిలా ఉంటే దాని ఫ్యాను మోత నేను వినలేను.

హైదరాబాదు అంకెలూ ఊరికే పోలేదు. హిప్పార్కోస్ ఉపగ్రహం కొలిచిన స్థానాల్ని ఆ పాత జాబితాలతో పోల్చి, 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో నక్షత్రాలు ఎటు, ఎంత జరుగుతున్నాయో లెక్కగట్టారు. కొలిచినవాళ్లు అప్పటికి లేరు.

ఇప్పుడు మన దేశపు లైగోని మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢాలో కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం 2,600 కోట్లకి ఆమోదం చెప్పింది. హింగోలి గోదావరి పరీవాహకంలోనే ఉంది. అక్కడ కురిసిన వాన ధవళేశ్వరం ఆనకట్టకే వస్తుంది. ఆ పరికరం పనిచెయ్యడం మొదలెట్టాక దాని డేటా ముక్క ఒకటైనా ఈ ఒడ్డున ఏ కాలేజీ కుర్రాడి ల్యాప్‌టాప్‌కో రావాలని, రాత్రంతా వాడు దాన్ని కాయాలని నా కోరిక.